మెంఫిస్ పాట - దాని పట్టా

జనసామాన్యం పాడుకొనే వ్యాపార సంగీతాన్ని గూర్చి మాట్లాడేవాళ్లలో రెండు పక్షాలు కనబడతాయి. మొదటి పక్షం ఇట్లా అంటుంది: "అది బజారు సరుకు. కంపెనీవాళ్లు లాభంకోసం తయారుచేసి జనం చెవుల్లో పోసే మత్తుమందు. దానికి చరిత్ర రాయడమేమిటి?" రెండవ పక్షం ఇంకొకటి అంటుంది: "సంగీతానికి జాతి లేదు, వర్గం లేదు. వాయిద్యం చేతబట్టగానే మనుషులు భేదాలన్నీ మరచిపోతారు." మొదటి మాట అభ్యుదయ దృష్టి గలవారి నోటనే ఎక్కువగా వినబడుతుంది. రెండవ మాట అమెరికన్ పత్రికల్లోనూ, మ్యూజియం గోడలమీదనూ కనబడుతుంది. ఈ రెండు వాదాలూ ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించాలంటే టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ వంటి నగరం మరొకటి దొరకదు.

మెంఫిస్ మహానగరం కాదు. 1960 జనాభా లెక్కలనాటికి అక్కడ ఉన్నవారు దాదాపు 5 లక్షలమంది. అందులో మూడోవంతుకు మించి నల్లవారు. న్యూయార్కు, షికాగోలముందు అది చిన్న ఊరే. కాని 1950 మొదలు 1975 వరకు పాతికేళ్లపాటు ఆ ఊరినుంచి వచ్చిన పాట ప్రపంచమంతా తిరిగింది. ఆ పాటను ఎవరు పుట్టించారు? అది చివరికి ఎవరి సొత్తు అయింది? ఈ రెండు ప్రశ్నలకూ వచ్చే జవాబులు ఒకటి కావు. మెంఫిస్ సంగీత చరిత్ర అంతా ఆ రెండు జవాబుల మధ్యనున్న దూరంలోనే ఉన్నది.

పత్తి నగరం

మిసిసిపి నది గట్టున ఉన్న మెంఫిస్‌కు పత్తియే ప్రాణం. ఊరికి దక్షిణంగా డెల్టా పొలాల్లో నల్లజాతి పాలికాపులు పండించిన పత్తి మెంఫిస్ బజారుకు చేరేది. అక్కడి దళారులు దానికి ధర కట్టేవారు. పత్తి వెనుకనే మనుషులూ వచ్చారు. పొలంలో అప్పు తీరనివాడు, భూస్వామి దెబ్బకు తాళలేనివాడు, యంత్రం వచ్చి పని పోయినవాడు మెంఫిస్ దారి పట్టారు. వాళ్ల మూటల్లో ఏమీ లేకపోయినా గొంతుల్లో పొలం పాట, ప్రార్థనాగీతం ఉన్నాయి.

బానిసగా పుట్టి, దక్షిణాది నల్లవారిలో మొదటి లక్షాధికారిగా పేరుపడిన రాబర్ట్ చర్చి 1899లో బీల్ వీధిలో ఒక పార్కునూ సభామందిరాన్నీ నెలకొల్పాడు. ఊళ్లోని ఇతర పార్కులలోకి నల్లవారిని రానివ్వని కాలమది. ఆ వీధిలోనే డబ్ల్యు. సి. హాండీ జనం నోట ఉన్న బ్లూస్ బాణీలను కాగితంమీద పెట్టాడు. 1912లో అచ్చయిన "మెంఫిస్ బ్లూస్" హక్కులను అతడు స్వల్పమైన సొమ్ముకు అమ్ముకోవలసి వచ్చింది. ఆ హక్కులు తిరిగి అతని చేతికి రావడానికి 28 సంవత్సరాలు పట్టింది. పాట ఒకరిది, పట్టా మరొకరిది అనే కథకు ఇది తొలి అధ్యాయం.

బడి, రేడియో, చర్చి

మెంఫిస్ పాటను ఏదో నేల మహిమగా, నది గాలి మహిమగా వర్ణించేవారు ఉన్నారు. అది పుట్టిన చోట్లను మనం పేర్లతో చెప్పగలం. వాటిలో మొదటివి నల్లపిల్లలకోసం విడిగా కట్టిన బళ్లు. తెల్లపిల్లల బళ్లతో పోలిస్తే వాటికి దక్కిన నిధులు తక్కువ, పుస్తకాలు పాతవి. అయినా వాటిలో పనిచేసిన ఉపాధ్యాయులు సామాన్యులు కారు. మనాసస్ హైస్కూలులో పాఠాలు చెప్పిన జిమ్మీ లన్స్‌ఫర్డ్ 1920ల చివర తన శిష్యులతోనే బ్యాండు కట్టాడు. అది కొన్నేళ్లలో దేశమంతటా పేరుపొందిన జాజ్ బృందమయింది. బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలులో చరిత్ర చెప్పే నాట్ డి. విలియమ్స్ రాత్రులు బీల్ వీధి నాటకశాలలో కొత్త గాయకుల పోటీలు నడిపాడు.

ఈ చరిత్ర ఉపాధ్యాయుడే 1948లో డబ్ల్యు.డి.ఐ.ఎ. రేడియోలో గొంతు విప్పాడు. ఆ కేంద్రం యజమానులు తెల్లవారు. నష్టాలలో ఉన్న వ్యాపారాన్ని నిలబెట్టుకొనేందుకు నల్లశ్రోతలవైపు తిరిగారు. నల్లజాతి శ్రోతలకోసం నల్లవారి గొంతులతోనే కార్యక్రమాలు నడిపిన మొదటి రేడియోగా అది చరిత్ర కెక్కింది. 1954లో దాని శక్తిని 50,000 వాట్లకు పెంచారు. అప్పుడది డెల్టా పొలాలలోని గుడిసెలకు కూడా వినబడింది. బి. బి. కింగ్ పేరు మొదట మోగింది అక్కడే. లాభంకోసం తెరచిన తలుపే అయినా, దానిగుండా ఒక జాతి తన గొంతును తాను విన్నది. మొదటి పక్షంవారు మరచిపోయే సత్యం ఇది.

ఇక చర్చి సంగతి. ఈస్ట్ ట్రిగ్ బాప్టిస్టు చర్చి బోధకుడు హెర్బర్ట్ బ్రూస్టర్ స్వయంగా వాగ్గేయకారుడు. అతడు కట్టిన గీతాన్ని మహాలియా జాక్సన్ పాడగా ఆ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ చర్చి కార్యక్రమాలను వినడానికి తెల్ల కుర్రవాళ్లు కూడా వచ్చేవారు. వారిలో ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్లలో పెరిగిన ఎల్విస్ ప్రెస్లీ ఒకడు.

సన్ సంస్థ నేర్పిన పాఠం

1950లో శామ్ ఫిలిప్స్ యూనియన్ అవెన్యూలో ఒక చిన్న రికార్డింగు గది తెరచాడు. హౌలిన్ వుల్ఫ్ వంటి నల్లగాయకుల గొంతులను మొదట పట్టింది ఆ గదే. 1952లో అతడు పెట్టిన సన్ సంస్థకు మొదటి గొప్ప విజయాన్ని 1953లో తెచ్చిపెట్టినవాడు రూఫస్ థామస్. రూఫస్ పగలు బట్టల మిల్లులో కూలి, సాయంకాలం రేడియో వ్యాఖ్యాత. మరుసటి సంవత్సరం లారీ నడుపుకొనే ఎల్విస్ ఆ గదిలో పాడాడు. నల్లవారి పాటను తెల్లగొంతులో వినడానికి దేశం సిద్ధంగా ఉన్నదని తేలిపోయింది. 1955 నవంబరులో ఫిలిప్స్ ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్.సి.ఎ. కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మాడు. ఆపైన సన్ దృష్టి తెల్ల యువకులమీదికి మళ్లింది. తమను వదిలివేశారని రూఫస్ తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఎల్విస్ దొంగ కాడు, పేదింటి కుర్రవాడు. తాను పెరిగిన వాడలో విన్నదాన్ని తన పద్ధతిలో పాడాడు. దోషం అతని గొంతులో లేదు. ఒకే పాటకు గాయకుని చర్మాన్నిబట్టి రెండు ధరలు కట్టిన బజారులో ఉన్నది.

మెక్‌లెమోర్ వీధిలోని సినిమాహాలు

ఇప్పుడు అసలు కథకు వద్దాం. జిమ్ స్టీవర్ట్ బ్యాంకు గుమాస్తా. పల్లెపాటలకు ఫిడేలు వాయించే తెల్లవాడు. 1957లో అతడు శాటిలైట్ పేరుతో చిన్న రికార్డు సంస్థ పెట్టాడు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కూడా బ్యాంకు ఉద్యోగినియే. ఆమె తన ఇల్లు తాకట్టుపెట్టి 2,500 డాలర్లతో రికార్డింగు యంత్రం కొన్నది. 1960లో వీరు దక్షిణ మెంఫిస్‌లోని మెక్‌లెమోర్ వీధిలో మూతపడిన సినిమాహాలును అద్దెకు తీసుకున్నారు. తెల్లవారు ఖాళీచేసి వెళుతున్న పేట అది. అద్దె చౌక. వారికి నల్లవారి సంగీతం గూర్చి ఏ సిద్ధాంతమూ లేదు. అద్దె వారిని అక్కడికి తెచ్చింది, పేట వారికి సంగీతాన్ని ఇచ్చింది. పేరు విషయంలో తగాదా రాగా 1961లో సంస్థ "స్టాక్స్" అయింది. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాల కలయిక అది.

మొదట తలుపు తట్టినవాళ్లు రూఫస్ థామస్, అతని కూతురు కార్లా. ఆ రికార్డింగుకు శాక్సఫోను వాయించేవాడు కావలసివచ్చింది. డేవిడ్ పోర్టర్ అనే విద్యార్థి తనను పాఠం మధ్యలో తరగతినుంచి బయటికి పిలిపించి, బడి బ్యాండు గదిలోని వాయిద్యాన్ని చేతికిచ్చి స్టూడియోకు తీసుకుపోయాడని బుకర్ టి. జోన్స్ తరువాత చెప్పుకున్నాడు. నాట్ విలియమ్స్ చరిత్ర చెప్పిన బడి అదే. రూఫస్ చదువుకున్నదీ అక్కడే.

సినిమాహాలు ముందుభాగంలో మిఠాయిలమ్మే చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం పెట్టింది. అది వట్టి దుకాణం కాదు, బడి. పేటపిల్లలు అక్కడ చేరి వినేవారు. ఏ పాటకు కాళ్లు కదిలాయో, ఏది నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో ఆమె అడిగి తెలుసుకొనేది. లోపల చేసిన పాటను తెచ్చి వాళ్లకు వినిపించి, వారి ముఖాలు చూచి వాద్యగాళ్లకు చెప్పేది. శ్రోతకూ సృష్టికర్తకూ మధ్య దూరం ఒక గోడ మందం మాత్రమే.

లోపలి పని పద్ధతి కూడా గమనించదగినది. హాలు నేల వాలుగా ఉండేది. కప్పు ఎత్తు. మొదటి సంవత్సరాలలో యంత్రానికి ఒకే ట్రాకు ఉండేది. అంటే గాయకుడు, డోలు, గిటారు, ఆర్గను, బూరలు అంతా కలిసి ఒక్కసారే వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. స్వరలిపి రాసి పంచే పద్ధతి లేదు. అక్కడికక్కడ ఒకరు ఒక ముక్క అంటే మరొకరు దానిని అందుకొనేవారు. ఇతర నగరాల్లో వంతగాళ్లు పాడే చోట ఇక్కడ బూరలు పలికాయి. అల్ జాక్సన్ డోలుమీద దెబ్బను లిప్తపాటు ఆలస్యంగా వేసేవాడు. అందుకే ఆ పాట తొందరపడదు, బరువుగా నడుస్తుంది. "మెంఫిస్ ధ్వని" అని లోకం పిలిచినది ఈ సమష్టి శ్రమ ఫలితమే.

ఆ శ్రామికులెవరు? ఆర్గనుమీద బుకర్ జోన్స్ నల్లవాడు. డోలు అల్ జాక్సన్ నల్లవాడు. గిటారు స్టీవ్ క్రాపర్ తెల్లవాడు. బాస్ గిటారు మొదట లూయీ స్టైన్‌బర్గ్, నల్లవాడు. తరువాత వచ్చిన డోనాల్డ్ డన్ తెల్లవాడు. 1962లో వీరి "గ్రీన్ ఆనియన్స్" దేశమంతా మోగింది. మాంసం కార్ఖానాలో పనిచేసిన ఐజాక్ హేస్, వీధికి ఆవలనున్న కిరాణా దుకాణంలో పనిచేసిన డేవిడ్ పోర్టర్ జంటగా పాటలు కట్టారు. జార్జియా రాష్ట్రంనుంచి ఇంకొక గాయకుని కారు నడుపుతూ వచ్చిన ఓటిస్ రెడ్డింగ్, మిగిలిన కాస్త వ్యవధిలో ఒక పాట పాడి చూపి అక్కడే నిలిచిపోయాడు.

గోడకు ఇవతల, గోడకు అవతల

రెండవ పక్షంవారు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. ఆ హాలులోని స్నేహం అబద్ధం కాదు. అది జరిగిన నగరాన్ని చూస్తే దాని విలువ మరింత తెలుస్తుంది. 1961 అక్టోబరులో మెంఫిస్ తెల్లబళ్లలోకి మొదటిసారిగా అడుగుపెట్టిన నల్లపిల్లలు 13 మంది, అందరూ మొదటి తరగతివాళ్లు. 1963లో పార్కులను అందరికీ తెరవాలని సుప్రీంకోర్టు తీర్పు చెబితే, నల్లవారితో ఒకే నీటిలో దిగవలసి వస్తుందని నగరపాలకులు ఈతకొలనులనే మూసివేశారు. అటువంటి ఊరిలో నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చొని పనిచేసి తినగల చోట్లు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. నల్లదంపతులు నడిపే లొరేన్ మోటెల్ వాటిలో ఒకటి. స్టాక్స్ గాయకులు అక్కడ దిగేవారు. ఎన్నో ప్రసిద్ధ గీతాలు ఆ గదులలోనే రూపొందాయి.

అయితే స్నేహం ఒక సంగతి, ఆస్తి మరొక సంగతి. హాలులో వాయించినవాడు ఏ జాతివాడైనా, మొదటి రోజుల్లో ఒక సెషనుకు 15 డాలర్లు అందుకొనే కూలివాడే. రాత్రులు క్లబ్బులలో వాయించి ఇల్లు గడుపుకొనేవాళ్లు. వారపు జీతం ఏర్పడినది కొన్ని సంవత్సరాలు గడచిన తరువాతనే. వారిపైన స్టీవర్ట్, ఎస్టెల్. స్టీవర్ట్ పైన న్యూయార్కులోని అట్లాంటిక్ కంపెనీ. 1960లో రూఫస్, కార్లాల పాటకు 1,000 డాలర్లిచ్చి మొదలుపెట్టిన ఆ కంపెనీ, మెంఫిస్ రికార్డులను దేశమంతటా పంచిపెట్టే పని చేపట్టింది. నోటిమాటమీద నడచిన వ్యవహారాన్ని 1965లో కాగితంమీదికి ఎక్కించారు. స్టీవర్ట్ ఆ కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టాడు.

1968

1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో విమానం కూలి ఓటిస్ రెడ్డింగ్ మరణించాడు. అతనితోపాటు బార్-కేస్ బృందంలోని నలుగురు యువకులు పోయారు. వాళ్లలో ఎక్కువమంది బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలు చదువు అప్పుడప్పుడే ముగించిన పిల్లలు. అదే సంవత్సరం అట్లాంటిక్ కంపెనీ వార్నర్ సంస్థకు అమ్ముడుపోయింది. కొత్త యజమానులతో బేరం కుదరక స్టాక్స్ విడిపోదలచింది. అప్పుడు 1965 నాటి కాగితం బయటికి తీశారు. అట్లాంటిక్ పంచిపెట్టిన స్టాక్స్ పాటలన్నిటి మాస్టరు టేపులూ అట్లాంటిక్ సొత్తేనని అందులో రాసి ఉన్నది! ఓటిస్ గొంతు కూడా పోయింది. ఎనిమిదేళ్ల సమష్టి శ్రమ ఒక వాక్యంలో చేయి మారింది.

ఆ చలికాలంలోనే, ఆ నగరంలోనే మరొక లెక్క తేలుతున్నది. 1968 ఫిబ్రవరి 1న వానలో తలదాచుకొన్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్తలారీ యంత్రంలో నలిగి చనిపోయారు. దానికి ఒకటి రెండు రోజుల ముందే, వాన వచ్చిందని నల్లకార్మికులను రెండు గంటల కూలితో ఇంటికి పంపి, తెల్ల మేస్త్రీలకు మాత్రం పూర్తి జీతం ఇచ్చారు. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది సమ్మెకు దిగారు. రోజంతా పనిచేసి కూడా ప్రభుత్వ సహాయంకోసం చేయిచాచవలసిన జీతాలు వారివి. మేయరు హెన్రీ లోబ్ వారి సంఘాన్ని గుర్తించనన్నాడు. "నేను మనిషిని" అనే అట్టలు మెడలో వేసుకొని కార్మికులు వీధులలో నడిచారు. ఏప్రిల్ 4న లొరేన్ మోటెల్ వసారాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. నల్లవారూ తెల్లవారూ కలిసి పాటలు కట్టిన ఆ మోటెల్‌లోనే. ఏప్రిల్ 16న నగరం సంఘాన్ని గుర్తించింది.

స్టాక్స్ సంస్థ ఈ సమ్మెకు నాయకత్వం వహించిందని ఎవరూ చెప్పలేరు. మనం లేనిది కల్పించనక్కరలేదు. కాని ఆ రెండు సంఘటనల కీలకం ఒక్కటే. చెత్త ఎత్తేవాడు పని నిబంధనలమీద తనకు మాట ఉండాలన్నాడు. సంఘం ఉన్నది కాబట్టి, ప్రాణాలు పోగొట్టుకొని అయినా, ఆ మాట సంపాదించాడు. పాట కట్టినవాడికి ఏ సంఘం అండా అందలేదు. అతని కాగితాన్ని అతని తరఫున చదివినవాడు లేడు. కింగ్ హత్య తరువాత దాదాపు ఒక సంవత్సరం తాను పాట రాయలేకపోయానని ఐజాక్ హేస్ చెప్పాడు.

రెండవ ఎదుగుదల, పతనం

రేడియో వ్యాఖ్యాతగా పనిచేసి 1965లో సంస్థలో చేరిన అల్ బెల్ అనే నల్లజాతి నాయకుడు ఉత్త చేతులతో మిగిలిన స్టాక్స్‌ను తిరిగి నిలబెట్టాడు. 1969లో ఒకేసారి పాతికకు పైగా ఆల్బములు విడుదల చేయించాడు. వాటిలో హేస్ ఆల్బము అనుకోని విజయం సాధించింది. 1972లో "షాఫ్ట్" చిత్రం పాటకు హేస్ ఆస్కారు పొందాడు. ఉత్తమ గీతానికి ఆ బహుమతి అందుకొన్న మొదటి నల్లవాడు అతడే. అదే సంవత్సరం ఆగస్టు 20న లాస్ ఏంజెలిస్‌లో స్టాక్స్ జరిపిన వాట్‌స్టాక్స్ సభకు టిక్కెట్టు ఒక డాలరు. వచ్చినవారు లక్షమంది.

కాని పంపిణీ గొలుసు ఇంకొకరి చేతిలోనే ఉన్నది. 1972లో సి.బి.ఎస్. కంపెనీతో ఒప్పందం కుదిరింది. దానిని కుదిర్చిన అధికారిని 1973లో ఆ కంపెనీ తొలగించింది. ఆపైన స్టాక్స్ రికార్డులు గిడ్డంగులలో మిగిలిపోయాయి. పేటలలోని చిన్న దుకాణాలకు అవి చేరలేదు. ఈ దెబ్బ నల్లవారికి మాత్రమే తగలలేదు. మెంఫిస్ తెల్ల యువకుల బృందం బిగ్ స్టార్ మొదటి ఆల్బము 1972లో స్టాక్స్ ద్వారానే వెలువడి, కొనబోయినవాడికి దొరకక మునిగిపోయింది. ఇటు యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు అప్పులకోసం పట్టుపట్టింది. ఒకనాడు ఎస్టెల్ ఉద్యోగం చేసిన బ్యాంకు అది. 1975 డిసెంబరులో స్టాక్స్‌ను దివాలా తీయించి తలుపులు మూయించారు. బ్యాంకును మోసగించాడని అల్ బెల్‌మీద కేసు పెట్టారు. 1976లో న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. తీర్పు వచ్చింది గాని సంస్థ తిరిగి రాలేదు. స్టీవర్ట్ ఇల్లు పోయింది. హేస్ దివాలా తీసి, తన పాటలపై రావలసిన రాయల్టీలు పోగొట్టుకున్నాడు. 1989లో ఆ సినిమాహాలును కూల్చివేశారు.

ఏమి తేలింది?

మొదటి పక్షానికి మన జవాబు: వ్యాపార సంగీతం సరుకే, కాని సరుకు అంతా శ్రమలోనుంచే పుడుతుంది. పేదబడిలోని చరిత్ర ఉపాధ్యాయుడు, మిల్లుకూలి, కిరాణా దుకాణపు కుర్రవాడు, దుకాణంలో నిలబడి తీర్పు చెప్పిన పేటపిల్లలు చేసిన పాటను మత్తుమందని తీసిపారేస్తే, దోపిడిని గర్హించబోయి దోపిడికి గురైనవాడినే కించపరచినవారమవుతాము.

రెండవ పక్షానికి మన జవాబు: మెక్‌లెమోర్ వీధిలో జాతిభేదం తగ్గిన మాట నిజం. అది తగ్గింది కలిసి పనిచేయడంవల్ల. కాని పనిలో వచ్చిన సమానత్వం ఆస్తిలోకి రాలేదు. రానంతకాలం ఒక గుమాస్తా సంతకం, ఒక అధికారి బర్తరఫు, ఒక బ్యాంకు నోటీసు చాలు దానిని కూల్చడానికి.

కూలగొట్టిన చోటనే 2003లో పాత హాలును పోలిన భవనం కట్టి మ్యూజియం తెరచారు. అక్కడ చూడవలసిన వస్తువులు చాలా ఉన్నవి. అయినా ఎక్కువ విలువైనది దాని పక్కనున్నది: 2000లో మొదలైన సంగీత పాఠశాల. ఆ పేటపిల్లలు అక్కడ వాయిద్యాలు నేర్చుకుంటున్నారు. ఈ చరిత్ర బడి బ్యాండు గదినుంచే మొదలయింది కాబట్టి అది సరైన చోటికే తిరిగివచ్చింది. అయితే ఆ పిల్లలకు స్వరంతోపాటు ఒప్పంద పత్రం చదవడం కూడా నేర్పాలి. మన విద్యార్థులు ఏ నగరపు పాటను గూర్చి చరిత్ర రాయబూనినా రాగంతోపాటు జీతాల పుస్తకాన్నీ, అద్దె చీటీనీ, హక్కుల పత్రాన్నీ తిరగవేయడం అలవరచుకోవాలి. పాట ఎక్కడ పుట్టిందో చెవి చెబుతుంది. అది ఎవరి చేతికి పోయిందో ఆ కాగితాలే చెబుతాయి.